నల్లమొనకి నడిపించిన పాపాయి

మలాయ్ దేశపు పహాంగ్ తీరంలో ఒకచోట నేల సముద్రంలోకి నాలుక చాపినట్టు ఉంటుంది. ఆ నాలుక చివరంతా నల్లరాయి. మలాయ్ వాళ్ళు దానికేదో తంజుంగ్ అని పేరు పెట్టుకున్నారు గాని, దగ్గర్లోని రబ్బరు తోటలో పనిచేసిన మన తెలుగువాళ్ళు నల్లమొన అనేవారు. నేనూ అలాగే అంటాను. ఇప్పుడు ఆదివారాలు చూడాలి అక్కడ. కార్లు, మోటారు సైకిళ్ళు, పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకున్న తండ్రులు, ఐస్‌క్రీం బండి గంట. సరుగుడు చెట్ల కింద నుంచి రాళ్ళ దాకా చదునైన దారి. ముసలివాళ్ళూ నడవగలరు, నా మోకాళ్ళే సాక్ష్యం. నవంబరు వానలు దిగకముందే వెళ్ళండి, నీరు వెనక్కి తీసిన వేళ చూసుకోండి, పాచి పట్టిన రాయిమీద పిల్లల్ని పరిగెత్తనివ్వకండి. అంతకు మించి జాగ్రత్తలేమీ అక్కర్లేదు.

ఆ రాయి గురించి పుస్తకాల్లో చదివాను. భూమి కడుపులోంచి ఉబికిన నిప్పు పైకి వచ్చి చల్లారి అలా గడ్డకట్టిందట. చాలా ఏళ్ళ తర్వాత తిరుగుళ్ళలో భాగంగా రాజమండ్రి వెళ్ళినప్పుడు అక్కడా ఇలాంటి నల్లరాతి గుట్టలు కనిపించాయి. రాయిమీద చెయ్యి వేసి ఒంటరిగా నవ్వుకుంటుంటే క్వారీ మనిషి నన్ను అనుమానంగా చూశాడు. తాతలు ఓడెక్కిన దేశంలోనూ మనవలు దిగిన దేశంలోనూ నిప్పు ఒకేలా చల్లారిందని అతనికి చెబితే ఏం బాగుంటుంది? సరే, రాళ్ళ సంగతి చాలు. మనిషి దగ్గరికి వస్తాను.

ఆమె పేరు పాపాయి. పెరాక్ తీరంలో బాగన్ దాతుక్ కొబ్బరితోటల్లో పుట్టింది. పెళ్ళయి ఈ రబ్బరు తోటకు వచ్చింది. భర్త వెంకటసామి జ్వరంతో పోయాక ఆమెకు ఆయా పని ఇచ్చారు. తల్లులు చెట్లు గీసి పాలు తీయడానికి వెళ్తే వాళ్ళ పసిపిల్లల్ని చూసుకునే కొట్టం ఒకటి ప్రతి తోటలోనూ ఉండేది. దూలాలకి పాత చీరల ఉయ్యాలలు, కింద పాకే పిల్లలు, మూల పాలడబ్బాలు. ఆ కొట్టానికి ఆమె రాణి. పొట్టి మనిషి. గొంతు మాత్రం చివరి ఇంటి వరసదాకా వినిపించేది. నేను ఆ తోటలో రెండో కిరాణిగా ఉండేవాణ్ణి. కిరాణి అంటే అక్కడ గుమాస్తా. ఆఫీసు పక్కనే కొట్టం కాబట్టి, నా రోజంతా ఆమె గొంతు కిందే గడిచేది.

అవి ఆ దేశంలో ఎమర్జెన్సీ రోజులు. అడవిలో తుపాకులు పట్టిన కమ్యూనిస్టులు, బయట బ్రిటిష్ సైన్యం, మధ్యలో తోట కూలీలు. అడవిలోవాళ్ళకి తిండి అందకూడదని సర్కారు కూలీల ఇళ్ళన్నీ ఒకచోట చేర్చి చుట్టూ ముళ్ళకంచె బిగించింది. కంచె దాటి గుప్పెడు బియ్యం పోవడానికి వీల్లేదు. గేటు పక్కన పొడుగాటి చెక్కబల్ల ఉండేది. పనికి వెళ్ళేవాళ్ళు కూటిగిన్నె ఆ బల్లమీద పెట్టి, చేతులు పైకెత్తి, సోదా చేయించుకుని దాటాలి. మధ్యాహ్నం తిరిగొచ్చి ఆ బల్ల దగ్గరే తినాలి. ఏళ్ళ తరబడి ఇదే వరస. గిన్నె కిందికి, చేతులు పైకి, అడుగు బయటికి. కొట్టంలో పిల్లలు కూడా అదే ఆట ఆడేవారు. ఒకడు పోలీసు. మిగిలినవాళ్ళు కొబ్బరిచిప్పలు కింద పెట్టి చేతులెత్తేవాళ్ళు. నేను చూసి నవ్వితే పాపాయి నవ్వేది కాదు.

ఆమె నవ్వకపోవడానికి కారణం మనవరాలు. కూతురు రత్నావతికి ఒక్కతే పిల్ల, జయమణి. కంచె వేసిన ఏడే పుట్టింది. కొంచెం ఊహ తెలిసే వేళకి ఒకరోజు గేటు దగ్గర తండ్రి మునుసామి చొక్కా జేబులో ఎండుచేప ముక్క దొరికింది. ముందురాత్రి తింటూ పెట్టుకుని మరిచిపోయాడు, అంతే. లారీ ఎక్కించి తీసుకుపోయారు. కొన్ని వారాలు లోపల ఉంచి, ఏమీ లేదని తేలాక వదిలారు. అమ్మమ్మ చంకలోంచి ఆ పిల్ల అదంతా చూసింది. అప్పటి నుంచి కంచె బయట అడుగు పెట్టలేదు. మిగతా పిల్లలు తోట లారీలో బజారుకు వెళ్ళొచ్చేవారు. జయమణి గేటు కనిపించేసరికి కూర్చుండిపోయేది. లాగితే కంచె స్తంభాన్ని కరుచుకుని ఏడ్చేది.

ఏడేళ్ళు వచ్చాయి. తోటలో ఉన్న చిన్న బడి ఎప్పుడో మూతపడింది. చదువు కావాలంటే జనవరిలో బళ్ళు తెరిచినప్పుడు బజారూరి బడికి పోవాలి. రెండు మైళ్ళ బయలు రోడ్డు, రెండు పక్కలా గడ్డి. ఆ రోడ్డు నడవలేకపోతే మిగిలేది రబ్బరు కత్తి. పాపాయికి దిగులల్లా అదే.

మెర్దెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చింది. ఆగస్టు ఆఖర్న ఆఫీసు రేడియో చుట్టూ అందరం మూగాం. నేను అర్థమైనంత తెలుగు చేసి చెప్పాను, అర్థం కానిది కల్పించి చెప్పాను. ఆ తర్వాత కొద్ది వారాలకి మా ప్రాంతాన్ని వైట్ ఏరియాగా ప్రకటించారు. అంటే ఇక ఇక్కడ భయం లేదని. సోదాల్లేవు, తిండి నిషేధం లేదు. గేటు దగ్గరి పోలీసులు మూట సర్దుకుని వెళ్ళిపోయారు.

మండోరు రెంగసామి, అంటే కూలీల మేస్త్రి, ఆఫీసు వరండాలో కూర్చుని చుట్ట వెలిగిస్తూ, మాట చివర 'లా' తగిలించే అక్కడి అలవాటుతో అన్నాడు: "తెల్లోడు ఎల్లిపోనాక తెల్ల ఏరియా అయినాది లా! ఏటి లెక్కో ఇది."

ఆ సాయంత్రమే పాపాయి తన మాట బయటపెట్టింది.

"కార్తీకం వచ్చినాది. వనభోజనానికి ఎల్దాం."

"ఎక్కడికప్పా? కొట్టం ఎనక్కా?" అన్నాడు రెంగసామి.

"నల్లమొనకి. సముద్రం కాడికి. పిల్లల్ని అందర్నీ తీసుకుని."

సముద్రం మూడు మైళ్ళ దూరం. గాలి అటు తిరిగితే హోరు వినిపించేది. ఆ హోరు వింటూ పుట్టి పెరిగిన పిల్లలెవరూ సముద్రాన్ని చూసి ఉండలేదు.

"నీకు మతి పోనాదేటి," అన్నాడు రెంగసామి. "నిన్నటి దాకా గేటు దాటితే తుపాకీ. ఇయాల పిల్లల్ని ఏసుకుని సముద్రానికా? ఏటైనా అయితే ఎవులు సెప్తారు జవాబు?"

"నాను సెప్తాను. మా అయ్య కార్తీకం వస్తే మమ్మల్ని బాగన్ దాతుక్ గట్టుమీద నడిపించీవోడు. ఎనిమిది మంది పిల్లలం. ఒక్కుల్నీ సముద్రం తినీనేదు."

"నిన్ను తిన్నా అరగదు లే," అని రెంగసామి గొణిగాడు. ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు. ఆ నవ్వుతో సగం పని అయిపోయింది.

మిగిలిన సగం మునుసామి. జైలు నుంచి వచ్చాక అతను అవసరానికి మించి మాట్లాడేవాడు కాదు. గోడకి ఆనుకుని నిలబడి, అత్తగారి వైపు చూడకుండా అన్నాడు: "గుంట రాదు, అత్తా. దాన్ని ఏడిపించకు."

"వస్తాది. వస్తే జనవరిలో బడికి పంపుతావేటి?"

అతను షరతు పెట్టాడు. "దాని కాళ్ళమీద అది ఎల్లి, దాని కాళ్ళమీద అది వస్తే పంపుతాను. ఎత్తుకుంటే నేదు. ఎత్తుకుని బడికి ఎవులు తిప్పుతారు రోజూ?"

"అలాగే కానీ, అల్లుడా," అంది పాపాయి. వెంటనే ఒప్పుకుంది. ఈ నడక చెడితే పిల్ల మళ్ళీ గేటు వైపు రాదని ఆమెకు తెలుసు. తల్లిదండ్రులు మళ్ళీ ఒప్పుకోరనీ తెలుసు.

ఆదివారం పొద్దున ఓ పది కుటుంబాలు బయల్దేరాం. రత్నావతి కాలికి కత్తి తగిలి కట్టుతో ఉంది కాబట్టి ఇంట్లో ఉండిపోయింది. ఆడవాళ్ళు తెల్లారకముందే లేచి పులిహోర కలిపారు, గారెలు వేశారు, చింతపండు పచ్చడి, పెరుగన్నం. మగవాళ్ళ చేతుల్లో నీళ్ళ కూజాలు, చాపలు. నేను ఏమీ తేలేదు. బ్రహ్మచారి కిరాణిని ఎవరో ఒకరు తినిపిస్తారని ధీమా.

గేటు బార్లా తీసి ఉంది. కాపలా గుడిసె ఖాళీ. చెక్కబల్ల మాత్రం అక్కడే ఉంది. జయమణి అమ్మమ్మ చెయ్యి పట్టుకుని అంతదాకా బాగానే వచ్చింది. గేటు చూసి చతికిలబడింది. రెండు చేతులా స్తంభాన్ని వాటేసుకుంది.

పాపాయి లాగలేదు, తిట్టలేదు. తనూ పక్కన కూర్చుంది. అందరూ చుట్టూ చేరారు. తలో మాట. "మిఠాయి ఇస్తానమ్మా." "సిగ్గు నేదేటే, సిన్న గుంటడు ఎల్తన్నాడు సూడు." "ఒగ్గీయండి, ఇంటికి పంపీయండి." పాపాయి చెయ్యెత్తి అందర్నీ ఊరుకోబెట్టింది.

"జయమణీ, కంచె వొదలకు. పట్టుకునే నడు."

పిల్ల ఏడుపు ఆపి చూసింది.

"కంచెకి ఇటు పక్క ఉన్నట్టే అటు పక్కా ఉన్నాది. ముట్టుకుంటా నడు. నాను ఎనకాల వస్తాను."

పిల్ల ఆలోచించింది. లేచింది. స్తంభం మీద చెయ్యి అలాగే ఉంచి, దాని చుట్టూ తిరిగి, గేటు అవతలికి వచ్చింది! తర్వాత తీగ, మళ్ళీ స్తంభం. బయటి పక్క నుంచి కంచెని తడుముకుంటూ నడిచింది. ఆ పిల్ల ఎక్కడ మనసు మార్చుకుంటుందో అని మేమంతా గబగబా వెనకాల కదిలాం.

కంచె మూల తిరిగాక ఏం చేస్తుందా అనుకున్నాను. రబ్బరు చెట్లు వరసగా ఉన్నాయి కదా. చెట్టు నుంచి చెట్టుకి, ప్రతి చెట్టునీ ఒకసారి తట్టి నడిచింది. పెద్దవాళ్ళు కూడా పిల్ల నడకకే నడిచారు. పాపాయి పద్ధతి అది. అందరికన్నా చిన్న కాళ్ళు ముందు ఉండాలి, గుంపు వాటి వెనక ఉండాలి. ఆ తర్వాత నేను ఎన్నో కొండలెక్కాను, పిల్లలున్న ఎన్నో కుటుంబాలకి దారి చూపించాను. ఆ పద్ధతి తప్పిన చోటల్లా ఏడుపులు విన్నాను.

తోట దాటాక కొబ్బరి చెట్లు, ఆ తర్వాత సరుగుడు. ఆపైన ఇసక. ఉత్త ఇసక. ముట్టుకోవడానికి ఏమీ లేదు. ఇసకకి అవతల నల్లరాళ్ళు, వాటికి అవతల సముద్రం.

గుంపంతా ఒక్కసారి ఆగిపోయింది. ఒకడు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఒక పిల్ల "దీనికి మూత ఏది?" అని అడిగింది. పాపాయి నడుం మీద చేతులు పెట్టుకుని, "మా బాగన్ దాతుక్‌ది బురద సముద్రం. నెమ్మదస్తురాలు. దీనికేటి ఇంత పొగరు!" అంది, చుట్టాన్ని తప్పుపట్టినట్టు. కళ్ళు మాత్రం తుడుచుకుంది.

జయమణి చివరి సరుగుడు చెట్టు దగ్గర ఆగింది. పాపాయి ఇసకలో దూరదూరంగా తలలెత్తిన నల్లరాళ్ళు చూపించింది.

"అయి ఏటో తెలుసా? ఒకప్పుడు నిప్పులు. బూమి పొయ్యిలోంచి ఎగిరి పడ్డాయి. సముద్రం సల్లార్సీసినాది."

"ఇప్పుడు కాలదా?"

"ముట్టుకుని సూడు."

అది గిట్టుబాటు బేరం. దగ్గరి రాయికి నాలుగడుగులు. పిల్ల పరుగున వెళ్ళి అరచెయ్యి ఆన్చింది. "ఎచ్చగా ఉన్నాది!" అని అరిచింది. ఎండకి వేడెక్కింది మరి. ఆ వెచ్చదనం ఇంకా చల్లారని నిప్పే అనుకుంది కాబోలు, అక్కడి నుంచి రాయి రాయికీ వెళ్ళి, వేడి చూసి, మొన దాకా చేరింది. తన కాళ్ళమీదే.

"సూసినావా, అల్లుడా?" అంది పాపాయి.

మునుసామి తల అడ్డంగా ఊపాడు. "ముట్టుకుంటా వచ్చినాది అత్తా. బడి తోవలో సెట్టు నేదు, రాయి నేదు. ఏటి ముట్టుకుంటాది?"

పాపాయికీ తెలుసు, అతను అన్నది నిజం.

చాపలు పరిచారు. ఉసిరిచెట్టు కింద కూర్చోవాలి కార్తీకంలో. మలక్కా పట్నానికి ఉసిరి చెట్టు పేరే పెట్టారంటారు, ఈ దేశంలో ఆ చెట్టుకి అంత గౌరవం. నల్లమొన దగ్గర మాత్రం ఒక్కటీ లేదు. సరుగుడు నీడే ఉసిరి నీడ అనుకున్నాం. పిల్లలు ఆకలి ఆకలి అని గోల పెట్టారు.

"పులిహోర గిన్నె ఇలా తేండి," అంది పాపాయి.

ఎవరూ కదల్లేదు. పులిహోర చేసిన చిన్నమ్మ, గారెలు వేసిన ఆమె వైపు చూసింది. ఆమె పెరుగన్నం తెచ్చిన ఆమె వైపు చూసింది. చూపులు అలా ఒక చుట్టు తిరిగి మళ్ళీ చిన్నమ్మ దగ్గరికి వచ్చాయి.

"నాను... బల్లమీద ఎట్టీసినాను," అంది చిన్నమ్మ మెల్లిగా.

"ఓలమ్మో! నానూ అంతే."

"నానూ!"

ఒక్కరు కాదు, అందరూ. గేటు దగ్గరికి రాగానే ఏళ్ళ అలవాటు ప్రకారం గిన్నెలు బల్లమీదికి దిగిపోయాయి. ఒకరిద్దరు చేతులు కూడా ఎత్తారట, సోదా చేసేవాళ్ళు లేకపోయినా! ఆ తర్వాత అందరి కళ్ళూ పిల్లమీద. ఖాళీ చేతులతో గేటు దాటడం ఆ ఆడవాళ్ళకి ఎంత మామూలంటే, చేతులు ఖాళీగా ఉన్నాయని మూడు మైళ్ళూ ఒక్కరికీ అనిపించలేదు. ఆ పులిహోర కోతుల పాలైందనీ, గారెలు మాత్రం వాటికి నచ్చలేదనీ తర్వాత తెలిసింది.

ముందు నవ్వులు. ఏళ్ళుగా ఆగిపోయిన నవ్వేదో తెంచుకున్నట్టు ఆడవాళ్ళు చాపలమీద దొర్లారు. తర్వాత చిన్నపిల్లలు ఏడుపు మొదలెట్టేసరికి నవ్వు ఆగింది. రెంగసామి అందుకున్నాడు.

"బాగుంది లా! వనం ఉన్నాది, బోజనం నేదు. పదండి, పదండి, ఇంటికి పదండి. పాపాయప్ప మాట ఇని వచ్చినందుకు మనకి ఇదే పలారం."

"నాను పరిగెట్టుకెల్లి తెస్తాను," అన్నాడు మునుసామి.

"నువ్వు ఎల్లి వచ్చీసరికి పిల్లలు సొమ్మసిల్లిపోతారు," అంది చిన్నమ్మ. "ఎల్లిపోదాం, పాపాయప్పా. ఇంకోపాలి వద్దాం."

ఇంకోసారి అనేది ఉండదని పాపాయికి తెలుసు. ఆ ఒక్క క్షణమే ఆమె మొహంలో ఓటమి చూశాను నేను.

అప్పుడే ఇసక అవతలి నుంచి ఒక మలాయ్ ముసలమ్మ నడిచి వచ్చింది. మొనకి అటుపక్క కొబ్బరి చెట్లలో పది పన్నెండు గుడిసెల జాలరి పల్లె ఉంది. ఇంత గుంపు ఎందుకొచ్చిందా అని చూడ్డానికి వచ్చిందేమో. పేరు మక్ లిమా అని తర్వాత తెలిసింది. పళ్ళులేని నోటితో నవ్వి, ఆ దేశంలో ఎవరు ఎదురైనా అడిగే మాటే అడిగింది.

"సుదా మాకన్?" తిన్నారా అని.

పలకరింపుకి తిన్నాం అని చెప్పి తప్పుకోవడం మర్యాద. చిన్నపిల్లలకి మర్యాద ఏం తెలుసు? "బెలుమ్!" అని ఒక్క గొంతుతో అరిచారు. ఇంకా లేదు!

నేను వచ్చీరాని మలాయ్‌లో బల్ల సంగతి చెప్పాను. ఆమె ఇసకలో కూలబడి, తొడలు చరుచుకుని నవ్వింది. నవ్వుతూనే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాళ్ళ పల్లెలోనూ పడవ ఎక్కేముందు కూడు ఒడ్డునే వదలాల్సి వచ్చేదట. ఇప్పుడు అడ్డు లేకపోయినా వాళ్ళాయన కూడు పట్టుకెళ్ళకుండానే వేటకి పోతున్నాడట. లేచి, బట్టలు దులుపుకుని, "మారి, మారి," రండి రండి అంటూ వెనక్కి నడిచింది. రమ్మన్నాక ఒకసారైనా తిరిగి చూడలేదు. మేం వస్తామని అంత నమ్మకం.

ఆ పూట మేం తిన్నది ఉడికించిన కర్రపెండలం, పైన కోరిన కొబ్బరి, నిప్పుల మీద కాల్చిన చేప, నల్ల కాఫీ. ఉన్నది తక్కువ, వచ్చినవాళ్ళం ఎక్కువ. పల్లెలో ప్రతి గుడిసె నుంచీ ఒక గిన్నె వచ్చింది. రెంగసామి కార్తీకం నెలంతా నీచు ముట్టనని మొక్కుకున్నాడు. కర్రపెండలం నములుతూ చేప వైపు అతను చూసిన చూపు నేను ఈ జన్మకి మరిచిపోను.

పాపాయి మాత్రం రాలేదు. జయమణి మొన రాళ్ళ దగ్గరే ఉండిపోయింది కాబట్టి తనూ అక్కడే ఉంది. రాళ్ళకీ పల్లెకీ మధ్య బయలు ఇసక, ఒక్క రాయి లేదు. మక్ లిమా ఆకులో తిండి పెట్టి పంపబోతే, పాపాయి దూరం నుంచే చెయ్యి ఊపి వద్దంది. ఆకలి ఇద్దరికీ ఉంది. ఆమె పిల్లని తొందరపెట్టలేదు. రాయిమీద కూర్చుని ఏదో పాట కూనిరాగం తీస్తోందని తల ఊపును బట్టి తెలిసింది.

గుడిసె ముందు ఇసకలో మునుసామి కూర్చున్నాడు. పక్కన మక్ లిమా భర్త, ముసలి జాలరి. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సరిగా రాదు. అయినా ఆ ముసలాయన చేతులతో పడవ తిరగబడిన కథేదో చెబుతుంటే మునుసామి నవ్వాడు. జైలు తర్వాత అతను అలా నవ్వడం నేను చూడలేదు. కంచె బయట, తెలియని మనుషుల మధ్య, చేతిలో చేపముక్క పట్టుకుని.

ఇసక అవతలి నుంచి చిన్న గొంతు వినిపించింది. "అయ్యా!"

మునుసామి తలెత్తాడు. జయమణి రాయి పక్కన నిలబడి అతన్నే చూస్తోంది. అతను లేవబోయాడు, ఎత్తుకు రావడానికి. పిల్ల వెనక నుంచి పాపాయి అరచెయ్యి చాపి ఆపింది. కూర్చో అని. అతను కూర్చున్నాడు. ఆ కూర్చోవడానికి ఎంత బలం కావలసి వచ్చిందో పక్కనున్న నాకు తెలిసింది. చేప చేతిలో నలిగిపోయింది.

"నిన్ను లారీ ఎక్కించీనారా?" అని అరిచింది పిల్ల.

"నేదమ్మా! సేప ఎట్టినారు!" అని అరిచాడు తండ్రి. "నీకూ ఉన్నాది!"

పిల్ల రాయిమీద నుంచి చెయ్యి తీసింది. మళ్ళీ పెట్టింది. తీసింది. ఒక అడుగు, రెండడుగులు, ఆ తర్వాత పరుగు. రెండు చేతులూ గాలిలో, దేన్నీ ముట్టుకోకుండా, ఆ బయలంతా దాటి వచ్చి తండ్రి ఒళ్ళో పడింది. వెనకాల పాపాయి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, "నాకూ ఒక ముక్క ఉంచండ్రా! సచ్చీలా ఉన్నాను ఆకలితో!" అని కేకలేసుకుంటూ వచ్చింది.

ఆ తర్వాత ప్రతి కార్తీకంలోనూ పాపాయి వనభోజనానికి దారి తీసేది. ఆ పల్లెకి బియ్యం, బెల్లం మోసుకెళ్ళడం తప్పనిసరి. మక్ లిమా చేప కూడా తప్పనిసరి. తోట అమ్ముడుపోయాక కుటుంబాలు చెదిరాయి. పాపాయి కూతురితో బంటింగ్ పట్నం చేరింది. అక్కడా బస్సెక్కేది కాదు, వీధి పిల్లల్ని వెంటేసుకుని నడిచేది. నేను ఏ ఊరి నుంచి వచ్చినా, "ఎక్కడెక్కడ తిరిగినావు కిరాణీ బాబూ? తిన్నావా?" అని అడిగేది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. జయమణి బంటింగ్‌లో బడి ఆఫీసులో పనిచేసి రిటైరయింది. ఇప్పటికీ సెలవులకి మనవల్ని కారెక్కించుకుని నల్లమొనకి వస్తుంది. వాళ్ళకి తెలుగు అర్థమవుతుంది గాని నోట రాదు. నడక మాత్రం బాగా వచ్చు. ఈ దేశంలో నాకు దక్కిన మంచి సంగతులు లెక్కపెట్టుకుంటే ఆ ఆదివారం మొదటి వరసలో ఉంటుంది. మాకు అన్నం పెట్టిన ఆ పల్లెకీ, మమ్మల్ని అక్కడిదాకా తీసుకెళ్ళిన ఆ పొట్టి మనిషికీ నేనేమిచ్చినా తక్కువే.

ఆ రోజు తిరుగు దారి ఇంకా చెప్పలేదు. ఎండ వాలాక బయల్దేరాం. కడుపు నిండిన పిల్లలు ఊగుతూ నడిచారు. జయమణి ఇసక దాటింది, సరుగుడు దాటింది, చెట్లని తట్టాలన్న ధ్యాస కూడా లేకుండా తండ్రి పక్కనే కబుర్లు చెబుతూ నడిచింది. రబ్బరు తోట సగంలో మాట ఆగింది. చూస్తే నిలబడే నిద్రపోతోంది. మునుసామి వంగి భుజాన వేసుకున్నాడు.

రెంగసామి దీనికోసమే కాచుకున్నట్టు అందుకున్నాడు. "ఏటిరా మునుసామీ, ఎత్తుకుంటే నేదన్నావు గదా? ఒప్పందం పోనాదా?"

పాపాయి నడక ఆపింది. అల్లుడి మొహంలోకి చూసింది.

మునుసామి పిల్ల తలని ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "నిద్దరోతన్నోల్లకి ఒప్పందం ఏటి లా?" అన్నాడు. కొంచెం దూరం నడిచాక నా వైపు తిరిగాడు. "కిరాణీ బాబూ, బడిలో పేరు రాయించాలంటే ఎవుల్ని అడగాల? రేపు నాను ఎల్లొచ్చా, జనవరి దాకా ఆగాలా?"

"రేపు ఎల్లు," అంది పాపాయి, నాకు నోరు తెరిచే వ్యవధి ఇవ్వకుండా.